రెప్లికా టేప్: కొంటే రెండు చుట్టలూ కొనండి

నా పని పెయింటు ఇన్‌స్పెక్షన్. ఉక్కు ట్యాంకులు, పైపులైన్లు, జెట్టీ కింద నిలబడే గొట్టపు స్తంభాలు, వీటికి రంగు వేసే ముందూ వేసిన తరువాతా వెళ్లి చూసి, కొలిచి, సంతకం పెడతాను. కాకినాడ నుంచి విశాఖపట్నం దాకా ఉన్న తీరంలోనే ఎక్కువగా తిరిగాను. సముద్రపు గాలి ఉక్కును ఎలా తింటుందో ఈ తీరంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు. వంటింటి కిటికీ ఊచలు చూస్తే చాలు.

నా సంచిలో ఎప్పుడూ ఉండే వస్తువుల్లో అన్నిటికంటే చిన్నది, నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది రెప్లికా టేప్, అంటే ఉక్కు గరుకుతనాన్ని అచ్చు తీసే టేప్. పదకొండేళ్లుగా వాడుతున్నది టెస్టెక్స్ వాళ్ల ప్రెస్-ఓ-ఫిల్మ్. దానితోపాటు మందం కొలిచే ఒక స్ప్రింగు మైక్రోమీటర్. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు ఫోను చేసి "అక్కా, ఏది కొనమంటారు? డిజిటల్ గేజ్ కొంటే సరిపోదా?" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేదంతా ఒకచోట రాసి పెడదామని కూర్చున్నాను.

ముందు అసలు ఏం కొలుస్తున్నామో చెప్పాలి. రంగు నున్నటి ఉక్కును పట్టుకోదు. గార పట్టాలంటే కాంక్రీటు స్తంభానికి తాపీ మేస్త్రి గాట్లు పెడతాడు కదా, అలాగే ఉక్కుకు గార్నెట్ అనే గట్టి రాతి గింజలతోనో స్టీల్ గ్రిట్ అనే పదునైన ఉక్కు రవ్వతోనో బ్లాస్టింగ్ చేసి, అంటే గాలి ఒత్తిడితో వాటిని విసిరికొట్టి, గరుకుతనం తెస్తారు. (సైట్లలో ఇప్పటికీ అందరూ దీన్ని శాండ్ బ్లాస్టింగ్ అనే అంటారు. ఊపిరితిత్తులను పాడుచేసే ఇసుకను మంచి సైట్లలో మానేసి చాలా కాలమైంది, పేరు మాత్రం మిగిలింది.) ఆ గరుకులో శిఖరానికీ లోయకూ మధ్య ఎత్తును ప్రొఫైల్ అంటాం. మైక్రాన్లలో చెబుతాం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

మా అమ్మమ్మ ఇంట్లో తిరగలి ఉండేది. రాయి అరిగి నున్నబడితే పిండి పడదు, గాట్లు కొట్టించాలి. గాట్లు మరీ లోతుగా పడితే రాతిపొడి పిండిలో కలుస్తుంది, నూక సరిగ్గా నలగదు. ఉక్కు కూడా అంతే. ప్రొఫైల్ తక్కువైతే రంగు పొరలు పొరలుగా లేచిపోతుంది. మరీ ఎక్కువైతే శిఖరాలు ప్రైమర్‌ను, అంటే మొదటి పూతను, దాటి పైకి పొడుచుకు వస్తాయి, నెల తిరగకుండా ఆ మొనల దగ్గర సూదిమొనంత తుప్పు చుక్కలు కనిపిస్తాయి. లోయలు నింపడానికే బోలెడు పెయింటు పోతుంది. అందుకే 50 నుంచి 75 మైక్రాన్ల మధ్య ఉండాలని ఒప్పందంలో రాస్తారు, లేదా ఆ పెయింటుకు తగిన ఇంకో హద్దు రాస్తారు. మన తల వెంట్రుక మందం దాదాపు అంతే ఉంటుంది. దాన్ని ఎండలో, పరంజా మీద నిలబడి, నలభై అడుగుల ఎత్తున కొలవాలి.

టేప్ ఎలా ఉంటుందంటే: అంటుకునే కాగితపు ముక్క, దాని మధ్యలో చొక్కా గుండీ అంత గుండ్రని కిటికీ. ఆ కిటికీలో పాలిస్టర్ పొర, పొర మీద తెల్లటి సన్నని నురగలాంటి ప్లాస్టిక్. ఆ నురగ నలిగితే తిరిగి లేవదు. పాలిస్టర్ మాత్రం నలగదు, దాని మందం 50 మైక్రాన్లు. నురగ వైపు ఉక్కుకు ఆనించి, వెనక నుంచి గుండ్రని మొన ఉన్న ప్లాస్టిక్ పుల్లతో గట్టిగా రుద్దుతాం. ఉక్కు శిఖరాలు నురగలోకి దిగి పాలిస్టర్‌ను తాకుతాయి. లోయలు ఉన్నచోట నురగ మిగులుతుంది. ఒలిచి తీస్తే ఉక్కు ముఖానికి తిరగేసిన అచ్చు చేతికి వస్తుంది. మైక్రోమీటర్‌లో పెట్టి మందం చూసి, 50 తీసేస్తే ప్రొఫైల్. ఈ పనికి ఉన్న ప్రమాణాల్లో ఏఎస్‌టీఎం డి4417లోని సి పద్ధతి, ఐఎస్ఓ 8503-5 రెండూ దీని గురించే.

ఇంత సులువైన పని కాబట్టే చాలామంది దీన్ని తేలికగా తీసుకుంటారు. రుద్దడం దగ్గరే అంతా ఉంది.

నేను చేసే పద్ధతి చెబుతాను. చోటు ఎంచుకున్నాక ముందు శుభ్రమైన బ్రష్‌తో దుమ్ము దులుపుతాను. బ్లాస్టింగ్ దుమ్ము కంటికి కనిపించదు, ఉక్కు తెల్లగా మెరుస్తూనే ఉంటుంది, వేలితో తుడిస్తే మాత్రం బూడిద అంటుకుంటుంది. తరువాత చుట్ట నుంచి ముక్కను ఒలుస్తాను. ఒలిచినప్పుడు కిటికీకి కప్పి ఉండే చిన్న కాగితపు బిళ్ల వెనక కాగితానికే ఉండిపోవాలి. అప్పుడప్పుడు అది టేప్‌తోపాటు వచ్చేస్తుంది. చూసుకోకపోతే మీరు కాగితం మందాన్ని కూడా కొలిచి ఉక్కు ఖాతాలో వేస్తారు. ముక్కను ఉక్కు మీద అంటించి, కదలకుండా ఎడమచేత్తో అంచు అదిమి, పుల్లతో చిన్న చిన్న వృత్తాలుగా రుద్దుతాను. మొదట కిటికీ తెల్లగానే ఉంటుంది. రుద్దేకొద్దీ మధ్యలో బూడిదరంగు చుక్కలు లేస్తాయి. అవి అంచుల దాకా పాకి, కిటికీ అంతా ఒకే రకం గింజ గింజగా, బూడిదరంగులో కనిపించాలి. ఒక్క అర్ధచంద్రాకారంలోనైనా తెలుపు మిగిలిందంటే పని అయిపోలేదు. అంచు దగ్గర మిగిలే ఆ తెల్లటి గీతనే తొందరలో ఉన్నవాళ్లు వదిలేస్తారు.

ఆ తరువాత మైక్రోమీటర్. ఇది మామూలు మరతిప్పే మైక్రోమీటర్ అయితే కుదరదు. మరను ఒకరు గట్టిగా తిప్పుతారు, ఒకరు వదులుగా తిప్పుతారు, నురగ నలిగిపోతుంది. స్ప్రింగు బలం ఎప్పుడూ ఒకేలా ఉండే రకం కావాలి. మొదట దాని రెండు దవడల మధ్య తెల్ల కాగితం ఒకటి పెట్టి మెల్లగా లాగుతాను, దుమ్ము దానితోపాటు వచ్చేస్తుంది. ఆ తరువాత దవడలు మూసి, ముల్లును సున్నా దగ్గర కాకుండా సున్నాకు 50 వెనక నిలబెడతాను. అప్పుడు పాలిస్టర్ మందం దానంతటదే పోతుంది, ముల్లు చూపిందే ప్రొఫైల్. ప్రతిసారీ తీసివేత చేసుకోవచ్చు కదా అని అడిగేవాళ్లు ఉంటారు. సాయంత్రం ఆరు దాటాక, వందో అంకె రాస్తున్నప్పుడు, తీసివేత మర్చిపోవడం నేను కళ్లారా చూశాను. మొదటి ఏడాదిలో నా రిపోర్టులోనే ఒక పేజీ అంతా తొంభైలూ నూర్లూ ఉంటే మా పెద్ద ఇన్‌స్పెక్టర్ పేజీని నా ముందు పెట్టి ఏమీ అనకుండా కూర్చున్నారు. ఆ రోజు నుంచి ముల్లు వెనక్కే.

ఇక్కడ నేను చాలా ఏళ్లకు గమనించిన విషయం ఒకటి చెప్పాలి. పైన చెప్పిన పొరపాట్లను వరసగా చూడండి. సరిగ్గా రుద్దకపోతే నురగ నలగక మందంగా ఉండిపోతుంది, అంకె పెరుగుతుంది. దుమ్ము ఉండిపోతే అంకె పెరుగుతుంది. కాగితపు బిళ్ల ఉండిపోతే పెరుగుతుంది. 50 తీయడం మర్చిపోతే పెరుగుతుంది. అజాగ్రత్తగా వాడితే ఈ టేప్ దాదాపు ఎప్పుడూ పైకే తప్పుతుంది. అచ్చును గోటితో నొక్కేస్తే, మైక్రోమీటర్ స్ప్రింగు మరీ బలంగా ఉంటే కిందికి తప్పుతుంది కానీ అవి అరుదు. అంటే బ్లాస్టింగ్ చాలని చోట చాలిందని చూపించే వైపే ప్రమాదం ఉంది. అందుకే ఎవరైనా రెప్లికా టేప్‌తో తీసిన తక్కువ అంకెను చూపిస్తే నేను వెంటనే నమ్ముతాను. హద్దులో చక్కగా కూర్చున్న అంకెను చూపిస్తే మాత్రం ఎవరు రుద్దారో అడుగుతాను, టేప్ ముక్క చూపించమంటాను.

రెండేళ్ల కిందటి మాట. ఒక నిల్వ ట్యాంకు లోపలి గోడకు లైనింగ్ పని. హద్దు 50 నుంచి 75. పగలంతా బ్లాస్టింగ్ చేసి, రాత్రి తేమ పెరగకముందే ప్రైమర్ కొట్టాలని వాళ్ల ఆత్రం. తేమ 85 శాతం దాటకూడదు, ఉక్కు వేడి మంచుబిందువు (గాలిలో తేమ నీరుగా పట్టే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. సముద్రం పక్కన ఆ రెండూ కుదిరే గంటలు రోజులో కొన్నే. నేను వెళ్లేసరికి సాయంత్రం నాలుగున్నర. ట్యాంకు లోపల హాలోజన్ దీపాలు, పరంజా, నేల మీద చీలమండ మునిగేంత వాడేసిన గార్నెట్. శుభ్రత బాగుంది, ఒప్పందం అడిగే ఎస్ఏ రెండున్నర అనే శుభ్రత స్థాయికి వంక పెట్టలేం. గోడ వెండిలా ఉంది.

నేను రెండు రకాల చుట్టలు వాడతాను, తక్కువ లోతుకు కోర్స్, ఎక్కువ లోతుకు ఎక్స్-కోర్స్ (రెండూ ఎందుకో కింద చెబుతాను). కోర్స్ టేప్‌తో మూడు చోట్ల తీశాను. 41, 43, 40. ఎక్స్-కోర్స్‌తో పక్కపక్కనే మూడు. 44, 42, 43. మొత్తం కలిపి సగటు 42.

అక్కడి మేస్త్రి గారికి ఈ పనిలో ముప్పై ఏళ్లు. చెయ్యి గోడ మీద పెట్టి రాస్తూ, "ఇంత గరుకుగా ఉంటే పెయింటు పట్టదంటారేమిటమ్మా? మీరే రాసి చూడండి" అన్నారు. రాసి చూశాను. నిజంగానే గరుకుగా ఉంది. 40కీ 60కీ తేడా వేలికి తెలియదు, నా వేలికీ తెలియదు.

"ఆ టేపు ఎలా నలిపితే అలా వస్తుందమ్మా. మీరు గట్టిగా రుద్దారు, తగ్గింది" అన్నారాయన.

అది మంచి ప్రశ్న. దాన్ని కొట్టిపారేసే హక్కు నాకు లేదు. పుల్ల ఆయన చేతికే ఇచ్చాను. "మీరు రుద్దండి మేస్త్రి గారూ. కిటికీలో తెలుపు కనపడనంత వరకూ రుద్దండి, ఆ తరువాత మీ ఇష్టం వచ్చినంతసేపు రుద్దండి" అన్నాను. శిఖరం పాలిస్టర్‌ను తాకిన తరువాత ఎంత రుద్దినా దిగడానికి నురగ ఉండదు కాబట్టి అంకె ఇంక తగ్గదని నాకు తెలుసు. ఆయన పద్ధతిగా, పిల్లాడి పలకను తుడిచినంత ఓపికగా రుద్దారు. ఒలిచి మైక్రోమీటర్‌లో పెట్టాం. కోర్స్ టేప్ మీద 42.

అప్పుడు ఆయన ఆ ముక్కను వేలి కొనలతో అంచు పట్టుకుని హాలోజన్ దీపానికి ఎదురుగా ఎత్తారు. నురగ నలిగిన చోట వెలుతురు ఎక్కువగా దూరుతుంది, నలగని చోట తక్కువ. జల్లెడ వెనక దీపం పెట్టినట్టు ఆ గుండీ అంత కిటికీలో వందల చుక్కలు. ముప్పై ఏళ్లుగా చేత్తో తడిమిన గరుకును ఆయన అప్పుడు కళ్లతో చూశారు. చాలాసేపు చూశారు. "ఇవన్నీ శిఖరాలా?" అని అడిగారు. అవునన్నాను. "సన్నగా ఉన్నాయే" అన్నారు. తరువాత కిందికి వంగి నేల మీద గార్నెట్‌ను గుప్పెట్లోకి తీసుకుని నలిపి చూసి, ఇంకేమీ అనకుండా గార్నెట్ నింపే బ్లాస్టింగ్ కుండ దగ్గరున్న కుర్రవాడిని పిలిచారు. వాడేసిన గార్నెట్‌నే జల్లించి మూడోసారో నాలుగోసారో కొడుతున్నారు. గింజ విరిగి విరిగి పిండయింది. పిండి గోడను శుభ్రం చేస్తుంది, గాటు పెట్టలేదు.

ఆ రాత్రి ప్రైమర్ ఆపాం. మరునాడు కొత్త గార్నెట్ సంచులు విప్పి, అరిగిన నాజిల్ మార్చి మళ్లీ కొట్టారు. కోర్స్ టేప్ మీద సగటు 61, ఎక్స్-కోర్స్ మీద 67 వచ్చింది. ఎక్స్-కోర్స్ 64 దాటింది కాబట్టి సగటు తీయకుండా 67 రాశాను. సంతకం పెట్టాను. ఆ రెండు రోజుల ముద్రలూ నా రిపోర్టులో పక్కపక్కన అంటించి ఉన్నాయి. ఈ టేప్‌లో నాకు అన్నిటికంటే నచ్చే గుణం అదే. గేజ్ చూపిన అంకె నా మాట మీద నిలబడుతుంది. టేప్ ముక్క దానంతటది నిలబడుతుంది. ఐదేళ్ల తరువాత పెయింటు లేచినా, ఎవరికి అనుమానం వచ్చినా, ఆ ముక్కను తీసి మళ్లీ కొలుచుకోవచ్చు.

పై లెక్కలో సగటు ఒకసారి తీసి, ఇంకోసారి తీయకపోవడం మీకు వింతగా అనిపించి ఉంటుంది. రెండు చుట్టలూ కొనమని పట్టుబట్టేది దీని కోసమే. కోర్స్ టేప్ 20 నుంచి 64 మైక్రాన్ల దాకా, ఎక్స్-కోర్స్ 38 నుంచి 115 దాకా పనికొస్తాయి. (ఇంకా సన్నవాటికి కోర్స్ మైనస్, ఇంకా లోతైనవాటికి ఎక్స్-కోర్స్ ప్లస్ ఉన్నాయి. మామూలు ఇన్‌స్పెక్టరుకు వాటి అవసరం అరుదు.) ఏ రకమైనా తన హద్దు మధ్యలో నిక్కచ్చిగా ఉంటుంది, అంచుల దగ్గర కొంచెం అటూ ఇటూ అవుతుంది. 38కీ 64కీ మధ్య రెండు రకాలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అక్కడ రెండింటితోనూ తీయాలి. రెండూ ఆ మధ్యలోనే పడితే సగటు. ఎక్స్-కోర్స్ 64 దాటితే ఎక్స్-కోర్స్ అంకే సరైనది. మన దగ్గర ఒప్పందాల్లో రాసే హద్దులు ఎక్కువగా పడేది ఈ మధ్య చోటులోనే. ఒక్క చుట్ట కొని డబ్బు మిగిల్చామనుకునేవాళ్లు సరిగ్గా తమకు అవసరమైన చోటే సగం కొలత తీసి ఊరుకుంటున్నారు.

మిగతా పనిముట్ల గురించి నా అభిప్రాయం. పోల్చి చూసే ఉక్కు బిళ్లలు, అదే ఐఎస్ఓ కంపారేటర్, చౌకగా త్వరగా అయిపోతుంది. గ్రిట్‌కు ఒకటి, షాట్‌కు (గుండ్రని ఉక్కు గుళ్లకు) ఒకటి ఉంటాయి. నాలుగు భాగాలుగా ఉన్న బిళ్లను గోడ పక్కన పెట్టి కంటితో, గోటితో పోల్చి, సన్నమా మధ్యమా ముతకా అని చెప్పడం. పొద్దున్నే పని మొదలైనప్పుడు దారి సరిగ్గా ఉందో లేదో చూడటానికి చాలు. అంకె అడిగిన చోట చాలదు. సూదిమొన లోతు గేజ్ కూడా నా దగ్గర ఉంది, చదునైన ప్లేటు మీద చకచకా అవుతుంది, ఒక్కోచోట పది రీడింగ్‌లు తీసి పెద్దదాన్ని తీసుకోవాలి. కానీ దాని పాదం చదునుగా ఉంటుంది కాబట్టి పైపుల మీద నాకు తృప్తినివ్వదు. టేప్ పైపు వంపుకు హాయిగా ఒదుగుతుంది. ఒకే గోడ మీద లోతు గేజ్ అంకె, టేప్ అంకె ఒకటి కావాలని కోరుకోకండి, రెండూ కొలిచే తీరు వేరు. పని మొదలుకాకముందే ఏ పద్ధతో కాగితం మీద రాసుకోవాలి. ఇది రాసుకోని సైట్లలో జరిగే గొడవలు చెప్పుకుంటే తెల్లారుతుంది.

డిజిటల్ సంగతి. డిఫెల్‌స్కో వాళ్ల పోజిటెక్టర్ ఆర్‌టీఆర్ లాంటివి టేప్‌కు బదులు కావు, మైక్రోమీటర్‌కు బదులు. టేప్ ముక్కను అందులో పెడితే 50 దానంతటదే తీసేస్తుంది, అంచుల దగ్గర వచ్చే తేడాను సరిచేస్తుంది, సగటు లెక్క అక్కరలేదు, అంకెలన్నీ దాచుకుంటుంది. ఒక స్నేహితురాలి దగ్గర అరువు తీసుకుని వారం వాడాను. చాలా బాగుంది. రోజుకు వందల రీడింగ్‌లు తీసే పెద్ద సంస్థ అయితే తప్పకుండా తీసుకోవాలి. కానీ సొంత డబ్బుతో కొనుక్కునే పిల్లలకు నా మాట ఇది: మంచి స్ప్రింగు మైక్రోమీటర్ కొనండి, మిగిలిన డబ్బు టేప్ మీద పెట్టండి. రుద్దే చెయ్యి కుదరకుండా ఎంత ఖరీదైన యంత్రం కొన్నా అది తప్పు అచ్చునే నిక్కచ్చిగా కొలుస్తుంది.

లోపాలూ చెప్పాలి. టేప్ చెప్పేది ఎత్తు మాత్రమే. శిఖరాలు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో మైక్రోమీటర్ చెప్పదు. ఒకే ఎత్తున్న రెండు గోడల్లో ఒకదాని మీద శిఖరాలు దట్టంగా ఉంటాయి, ఇంకోదాని మీద పలచగా. పెయింటు పట్టు రెండింటికీ ఒకేలా ఉండదు. అది తెలియాలంటే అచ్చును వెలుతురుతో చదివే గేజ్ కావాలి, లేదా సూది గీసుకుంటూ పోయే పరికరం కావాలి. పాత ట్యాంకుల్లో తుప్పు తిని గుంటలు పడిన ఉక్కు మీద టేప్ వేస్తే గుంట లోతు కూడా లెక్కలో కలుస్తుంది. గుంటలు లేని చోటు వెతుక్కోవాలి, అలాంటి చోటే లేకపోతే ఆ మాట రిపోర్టులో రాయాలి. నడి మధ్యాహ్నం ఎండకు కాగిన ప్లేటు మీద నేను టేప్ వేయను. జిగురు మెత్తబడి ఉక్కు మీదే ఉండిపోతుంది, ఆ జిగురు తుడవకుండా పైన పెయింటు వేస్తే అక్కడే లేచిపోతుంది. కొలిచిన ప్రతిచోటా ద్రావకంతో తుడిపించడం నా పనిలో భాగం.

ఖరీదు. చౌక కాదు. ముద్ర ఒక్కసారికే పనికొస్తుంది, ఒక్కోచోట మూడేసి, రెండు రకాలూ అంటే ఆరు ముక్కలు. ఒక ట్యాంకు అయ్యేసరికి చుట్ట ఎంత తరిగిందో చూస్తే గుండె బరువెక్కుతుంది. అయినా ఒక్క రాత్రి తప్పు గోడ మీద కొట్టిన ప్రైమర్‌ను మళ్లీ బ్లాస్టింగ్‌తో తీయించే ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు.

కొనేటప్పుడు జాగ్రత్త కావాలి. ఒకసారి అవసరం పడి ఒక దుకాణంలో చుట్ట తీసుకున్నాను. పేరు చెప్పను. రేకుల కప్పు కింద, ఎండాకాలమంతా అరలో పడి ఉన్న సరుకు. జిగురు ఒకచోట బంకలా సాగుతోంది, ఒకచోట అసలు అంటుకోవడం లేదు. కాగితపు బిళ్లలు మూడింట ఒకటి టేప్‌తోనే వచ్చేశాయి. దుకాణదారు మార్చి ఇవ్వలేదు. అప్పటి నుంచి ఇంట్లో ఒక బ్లాస్టింగ్ చేసిన ఉక్కు ముక్కను నూనె కాగితంలో చుట్టి దాచుకున్నాను. దాని మీద ఎంత రావాలో నాకు తెలుసు. కొత్త చుట్ట ఏది వచ్చినా ముందు రెండు ముక్కలు దాని మీద వేసి చూసి, అంకె కుదిరితేనే సైటుకు తీసుకెళతాను. మీరూ ఒకటి చేసి పెట్టుకోండి. గల్ఫ్‌లో పనిచేస్తున్న మా కాకినాడ కుర్రవాడొకడు ఇదే పద్ధతి అక్కడ మొదలుపెట్టి, అక్కడి ఎండకు చుట్టలు ఎంత త్వరగా పాడవుతున్నాయో పుస్తకంలో రాసుకుంటున్నాడు.

ఐదుకు ఎన్ని ఇస్తారని అడిగితే నాలుగున్నర ఇస్తాను. ఆ అర చుక్క తగ్గించింది ఎత్తు తప్ప ఇంకేమీ చెప్పలేకపోతున్నందుకు.

చుట్టలను కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి. నేను రెండింటినీ ఒక స్టీలు టిఫిన్ గిన్నెలో పెట్టి, పైగిన్నెలో మైక్రోమీటర్, పుల్ల, తెల్ల కాగితాల కట్ట పెట్టుకుంటాను. ముద్రలు అంటించే కాగితాలు మాత్రం విడిగా, బరువు పడని చోట ఉండాలి. వాటి మీద భోజనం డబ్బా పెడితే నురగ నలిగి, తరువాత ఎప్పుడు కొలిచినా అంకె తక్కువే చూపిస్తుంది.